నీళ్ల కింద ఇంటిపేరు

“ఆ పొగమంచు కింద నీళ్లు. ఆ నీళ్ల కింద మా పేరు,” అంది హెస్టర్.

ఆంబ్రోస్ స్మిత్ రిజర్వాయరు కేసి చూశాడు. యార్క్‌షైర్ కొండలు ఇంకా నిద్రమత్తులోనే ఉన్నాయి. మంచులో కనిపించని గొర్రెలు ఎక్కడో దగ్గుతున్నాయి.

విదర్‌గిల్ అంటే విల్లో చెట్ల వాగు. ఆ వాగు ఒడ్డున ఒకే ఒక్క ఇల్లుండేది. ఆ ఇంటివాళ్లకి వాగు పేరే ఇంటిపేరయింది. కొందరు లాంకషైర్ మిల్లులకి పోయారు, కొందరు ఓడలెక్కారు. పట్నానికి మంచినీళ్ల కోసం ఆనకట్ట కడితే ఇల్లూ వాగూ మునిగాయి. ఇప్పుడు ఇంగ్లండు మొత్తం వెతికినా ఆ పేరు హెస్టర్ ఒక్కదానికే మిగిలింది.

నిరుడు తేనెటీగల పెట్టెలతో ఈ ఊరొచ్చిన ఆంబ్రోస్‌కి ఆమె గురించి తెలిసింది అంతే. నీ సంగతి చెప్పమంటే ఆ పేరు సంగతే చెప్పేది. ఆమె నోట ఆ పేరు వింటుంటే, నీళ్ల అడుగున విల్లో కొమ్మలు ఊగుతున్నట్టే ఉండేది అతనికి.

ధైర్యం చేసి పెళ్లి మాటెత్తాడు.

“నువ్వంటే ఇష్టం లేక కాదు,” అంది హెస్టర్. “నేనూ స్మిత్‌నైపోతే ఈ పేరుతో పిలిపించుకునే మనిషే ఉండదు. నీకేం, స్మిత్‌లు వీధికి పదిమంది.”

ఆంబ్రోస్ చాలా రోజులు ఆలోచించి, లీడ్స్ వెళ్లి అక్క మాడ్‌కి తన నిర్ణయం చెప్పాడు.

“మొగాడు పెళ్లాం పుట్టింటి పేరు పెట్టుకోవడమేంట్రా?” అని మండిపడింది మాడ్. “నాన్న సమాధిలోంచి లేచొస్తాడు!”

“రానీ అక్కా. ఆయనకీ ఓ కప్పు టీ పోద్దాం.”

అక్కడి నుంచి తిన్నగా లాయరు దగ్గరికి వెళ్లి పేరు మార్పు కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే పరుగులాంటి నడకతో రిజర్వాయరు గట్టెక్కాడు. హెస్టర్ అక్కడే ఉంది.

“ఇవాళ్టి నుంచి నేను ఆంబ్రోస్ విదర్‌గిల్‌ని. ఇక నీ పేరు మారక్కర్లేదు. పెళ్లి చేసుకుందామా?”

హెస్టర్ నవ్వబోయింది. అతని చెంప మీద చెయ్యి వేసి, నీళ్ల వైపు తిరిగి ఏడ్చేసింది.

“పిచ్చిదానా, మీ వంశం పేరు నిలబడితే ఏడుస్తావేం?”

“ఆంబ్రోస్, అది చనిపోయిన మా ఆయన పేరు.”