కంచె మీద నాలుగు చీరలు

పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి కిటికీకి అడ్డంగా నాలుగు చీరలు.

నీళ్ళు కారుతున్నాయి.

"అత్తయ్యా! మన కంచె మీద ఈ చీరలెవరివి?" అని కేకేసింది స్తుతి.

హెలెన్ పొయ్యి దగ్గర నుంచే జవాబిచ్చింది.

"కల్లానికి కొత్తగా కాపలా వచ్చిందిగా, ఖుర్షిదా అంట, ఆమెవే. నువ్వు గొంతు పెంచబాక. దగ్గొస్తది. దగ్గితే కుట్టు ఊడుద్దని డాక్టరమ్మ చెప్పలా?"

రోజుకు పదిసార్లు అంటుంది హెలెన్ ఆ మాట. ఆమె గొంతుకు కంచె అవతల కల్లంలో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు.

స్తుతికి ఆరో నెల. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి గర్భసంచి మూతికి కుట్టు వేశారు. మంచం దిగకూడదు. బరువెత్తకూడదు. గట్టిగా దగ్గకూడదు.

మంచం మీదే చింతపండు ఈనెలు తీసింది. చిరిగిన దిండు గలీబులు కుట్టింది. అయినా పొద్దు గడవదు. అటు దొర్లుద్ది, ఇటు దొర్లుద్ది.

ఉన్నదల్లా ఆ కిటికీ. కంచె అవతల లక్ష్మీకాంత్ గారి మిరపకాయల కల్లం, దానవతల వినుకొండ రోడ్డు. సాయంత్రం మొగుడు ఎలీషా ఆటో మలుపు తిరగడం అందులోంచే చూడాలి.

ఇప్పుడు రోడ్డు లేదు. చీరలున్నాయి.

"ఏమమ్మా! నీ చీరలకు మా కంచే దొరికిందా?"

చీరల సందులో, కాయ తిరగేస్తున్న ఖుర్షిదా నడుం ఎత్తింది. అరవై దాటిన మనిషి.

"నాలుగు రోజులు ఓర్చుకో తల్లీ. కాయ ఎండిపోద్ది."

"కాయ ఎండితే నీ చీరలకేంటి?"

ఆమె నవ్వింది. బిందె తీసుకుని బోరింగు వైపు నడిచింది.

మధ్యాహ్నానికి చీరలు ఆరాయి. ఇక తీస్తుందిలే అనుకుంది స్తుతి.

ఖుర్షిదా వచ్చి, ఆరిన చీరల మీద బిందెడు నీళ్ళు గుమ్మరించింది.

"అత్తయ్యా, ఈమెకు పిచ్చా? ఆరినవాటిని మళ్ళీ తడుపుతోంది!"

"ఎండాకాలం రాకముందే ఎండదెబ్బ తగిలినట్టుంది."

"నాలుగు చీరలు ఆరేసి, తను మాత్రం ఆ కాఫీరంగుదే కట్టుద్ది. వచ్చినకాడి నుంచీ అదే!"

"ఎవరి చీర వాళ్ళిష్టం. నువ్వు పడుకో."

వారం గడిచింది. చీరలు కదల్లేదు.

ఆ సాయంత్రం ఎలీషా గడపలో కాలు పెట్టాడో లేదో అందుకుంది.

"బావా, ఆమెను పంపించెయ్యమని లక్ష్మీకాంత్ గారికి చెప్పు. నాకు ఊపిరాడట్లేదు. జైల్లో పడేసినట్టుంది."

"చీరలేగా! తీసెయ్యమని చెబుతాలే."

"నేను చెప్పలేదా? వింటేగా! కాయ వైపు చూడదు, ఎప్పుడూ మన కిటికీ వంకే చూపు. నువ్వు చెప్పకపోతే నేనే వెళ్ళి పీకేస్తా."

కాళ్ళు కింద పెట్టబోయింది.

"ఒసే, ఆగు! దిగబాక!"

ఎలీషా అప్పటికప్పుడే ఫోన్ తీశాడు.

మర్నాడు పొద్దుటికి కంచె ఖాళీ. కిటికీ నిండా వెలుతురు. రోడ్డు, మేకలు, బడిపిల్లల బస్సు.

"చూశావా?" అంది స్తుతి, కడుపు మీద చెయ్యేసి బిడ్డతో.

పదింటికి పడమటి గాలి లేచింది. ఖుర్షిదా బదులు వచ్చిన తోమా కాయ తిరగేయడం మొదలెట్టాడు.

ముందు ముక్కు మండింది. తర్వాత గొంతు.

హెలెన్ పరిగెత్తుకొచ్చి కిటికీ మూసేలోపే దగ్గు పట్టుకుంది. నోట్లో కొంగు కుక్కుకుంది స్తుతి. ఆగలేదు. నడుములో కలుక్కుమంది. దుప్పటి మీద ఎర్రగా మరక.

"దేవా, ఈ బిడ్డనైనా ఉంచు!" అంది హెలెన్. ఆమె గొంతు పక్కింటికి కూడా వినపడలేదు.

ఎలీషా ఆటోలో వినుకొండ, అక్కడి నుంచి కారులో గుంటూరు.

బ్రాడీపేట ఆస్పత్రిలో మంచానికి కాళ్ళ వైపు ఇటుకలు పెట్టి, కాళ్ళు ఎత్తులో ఉంచి రెండున్నర నెలలు పడుకోబెట్టారు. ఆ గదికి కిటికీ లేదు.

బిడ్డ దక్కింది. ఆడపిల్ల.

ఇంటికొచ్చిన రోజు తోమా గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో మూట.

"పాపకు పొత్తిగుడ్డలకు పనికొస్తాయమ్మా."

విప్పితే నాలుగు చీరలు. నాని, ఎండి, మళ్ళీ నాని దూదిలా మెత్తబడ్డాయి.

స్తుతి గుర్తుపట్టింది.

"ఇవి ఖుర్షిదావి కదా బాబాయ్?"

"ఆమెవే. వెళ్ళేటప్పుడు నా చేతిలో పెట్టింది. పూటకు రెండుసార్లు తడిపి కంచెకు కట్టు, కాయ ఘాటు ఆ కిటికీలోకి పోకూడదు అని మరీ మరీ చెప్పింది. నేనే బద్ధకించా. తలకింద పెట్టుకు పడుకున్నా."

స్తుతి చీరల మీద చెయ్యి తీయలేదు.

"మరి తను కట్టుకోడానికి?"

"ఒంటి మీద ఉన్నదానితోనే బస్సెక్కింది."

"ఎక్కడుంటుంది?"

"పిడుగురాళ్ల మనిషి. ఇప్పుడెక్కడుందో ఏమో. పని ఎక్కడ దొరికితే అక్కడ."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా బాబాయ్! నేనన్ని మాటలన్నా కదా..."

తోమా నిద్రపోతున్న పాప వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"బిడ్డ క్షేమంగా బయటపడింది గనక ఇప్పుడు చెబుతున్నానమ్మా. సున్నం బట్టీలో దుమ్ముకు దగ్గి దగ్గి ఆరో నెల బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆమె, కడుపుతో ఉన్న నీ చెవిన ఆ మాట పడకూడదనే తిట్లు తిని ఊరుకుంది."