ఓడిన కుక్క

యల్లమంద అరుగు మీద కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండోది మిగిలింది.

అప్పుడొచ్చింది గంగి.

మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చి అతని పాదం నాకింది.

మంగలి కత్తి ఆగింది. నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు ఆగారు.

ఆగరా మరి! ఊరి లెక్కలో గంగి చచ్చిన కుక్క. ఉగాది వేటలో పంది కోరకు దాని తొడ చీలిపోతే, యల్లమందే దాన్ని అడవిలో చెట్టుకు కట్టేసి వచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. పెళ్ళాం అడిగితే పన్నునొప్పి అన్నాడు.

కట్టెయ్యక తప్పదు. మాచర్ల అడవి అంచునున్న ఆ ఊళ్ళో అదొక కట్టుబాటు. పందికి ఓడిన కుక్క పొలిమేర దాటి లోపలికి రాకూడదు. వచ్చిందా, మళ్ళీ ఆ ఊరి బల్లేనికి వేట పడదు.

ఆ కట్టు పెట్టినవాడు బల్లెం శౌరి.

శౌరి అంటే ఆషామాషీ మనిషి కాదు. యల్లమంద పుట్టకముందు ఎక్కణ్ణుంచో వచ్చి, కొన్నాళ్ళు ఆ ఊరి వేట నడిపించి, ఎటో వెళ్ళిపోయాడు. కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కథలు మాత్రం ఏటికేడు బలుస్తూనే ఉన్నాయి. వాటిని మేపేవాడు యల్లమందే.

"ఏడడుగుల మనిషిరా! మాచర్లలో బల్లెం విసిరితే గురజాలలో పంది పడేది. అది పడేలోపు ఆయన ఇంటికి పోయి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మోసుకు రావడానికి బయలుదేరేవాడు. ఆయన తుమ్మితే కుందేళ్ళు పొదల్లోంచి బయటికొచ్చి వరసన నిలబడేయి!"

విన్నవాళ్ళెవరూ కాదనలేదు.

గంగి వెనకే ఒక బక్క ముసలాయన వచ్చాడు. సాగర్ కాలవ తవ్వే కూలీలు వదిలేసి పోయిన పాకలో ఈమధ్యే చేరాడు. అడవిలో కట్టేసిన కుక్కల్ని విప్పుకుపోయి సాకుతున్నాడు. పేరెవరూ అడగలేదు. కుక్కల తాత అనేవాళ్ళు. కోసుకు తింటాడనీ అనేవాళ్ళు.

"నీ కుక్కేగా అబ్బాయ్? పుండు మానింది. పొద్దుగూకులూ ఊరికేసే చూస్తా కూచ్చుంటంది. ఇంట్లో పెట్టుకో," అన్నాడు ముసలాయన.

యల్లమంద చెయ్యి గంగి తల మీదికి వెళ్ళబోయింది.

"ఏంది బావా, కట్టు తప్పుతున్నావా?"

ఎదురింటి లక్ష్మీనారాయణ. యల్లమంద తప్పుకుంటే వేటకు తను పెద్ద కావాలని చానాళ్ళుగా కాచుకుని ఉన్నవాడు.

చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఇది నా కుక్క కాదు," అన్నాడు యల్లమంద.

"కాదంటావేంది, అది కాళ్ళు నాకుతుంటే!" అన్నాడు ముసలాయన.

"కాదన్నాగా! తీసకపో. మాకు శౌరి పెట్టిన కట్టుంది."

"శౌరి తప్పు చెప్పాడబ్బాయ్."

ఆ మాట అనగలిగేవాడు ఒకడు భూమ్మీద ఉంటాడని ఊరు అప్పటిదాకా అనుకోలేదు.

ముసలాయన నిదానంగానే చెప్పాడు. "ఓడేది కుక్క కాదు. బల్లెం గురి తప్పుద్ది. పంది మనిషి మీదికి తిరుగుద్ది. అప్పుడు అడ్డం పడేది కుక్క. చీలిన కుక్కని ఊళ్ళోకి తెస్తే, నీ బల్లెం ఏమైందిరా అని నలుగురూ అడుగుతారు. అందుకని శౌరి దాన్ని అడవిలోనే ఉంచి, కుక్క ఓడిందన్నాడు. సిగ్గుకి చెప్పిన మాటయ్యా అది. కట్టూ కాదు, పాడూ కాదు."

యల్లమంద ఒళ్ళు మండిపోయింది. ఉగాది రోజున తన బల్లెం ఎక్కడ పడిందో అతనికి తెలుసు. ఎవరి బదులు గంగి తొడ చీలిందో కూడా తెలుసు.

"నువ్వు దగ్గరుండి చూశావా ఏంది?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"చూశా."

వీధంతా ఘొల్లుమంది.

"శౌరిని చూశాడంటరోయ్! ఏదీ, ఎట్టుండేవాడో చెప్పు!"

"మామూలుగానే ఉండేవాడు. వానలో తడిస్తే జలుబు చేసేది."

నవ్వులు ఆగిపోయాయి.

"శౌరికి జలుబా! ఇంతకీ నువ్వెవడివిరా?"

ముసలాయన నోరు తెరిచాడు. అంతకన్నా ముందు యల్లమంద చేతిలోంచి రాయి లేచింది.

అది గంగికని విసిరిన రాయి. ముసలాయన వంగి కుక్కను పొదువుకున్నాడు. తల పగిలింది. ఆ తర్వాత రాళ్ళు ఎవరెవరు విసిరారో చెప్పలేం. అందరూ శౌరి పేరు చెప్పుకునే విసిరారు.

కుక్కను చంకనెత్తుకుని, నెత్తురు తుడుచుకుంటూ ముసలాయన వెళ్ళిపోయాడు. యల్లమంద రెండో చెంప ఆ పూట గీయించుకోలేదు. మంగలి కత్తి మడిచి పొదిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ గాయం మానలేదు. ఊళ్ళోంచి ఎవరూ అటు తొంగిచూడలేదు.

శ్రావణంలో రొంపిచెర్ల నుంచి మణెమ్మ అనే ఆడమనిషి వచ్చింది. "కుక్కల్ని సాకే ముసలాయన మా అన్న," అంది. యల్లమంద ఆమెను పాక దగ్గరికి తీసుకెళ్ళాడు.

ముసలాయన నులక మంచం మీద చల్లబడి ఉన్నాడు, మెడలో తాడుకి చిన్న కొయ్య సిలవ. కుంటివీ గుడ్డివీ కుక్కలు మంచం చుట్టూ పడుకుని ఉన్నాయి. మణెమ్మ ఏడుస్తూ వస్తుంటే దారిచ్చాయి. యల్లమంద అడుగు వేస్తే పళ్ళు చూపాయి.

"గంగీ," అని పిలిచాడు.

అది తల ఎత్తి చూసింది. మళ్ళీ ముసలాయన కాళ్ళ మీద తల పెట్టుకుంది.

యల్లమంద వాకిట్లోనే కూలబడ్డాడు. ఆమె ఏడుపు సద్దుమణిగాక అడిగాడు.

"గొయ్యి నేను తవ్విస్తానమ్మా. సిలవ మీద ఏం పేరు రాయించమంటావు?"

"శౌరి అని రాయించు నాయనా," అంది మణెమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఈ ఊళ్ళో తన మాట చానా నడుస్తదనీ, తనొచ్చి చెబితే వింటారనీ, ఇంత ముసలితనంలో ఎంత వద్దన్నా వినకుండా వచ్చాడు."