వంకర బంగళా

"శుక్రవారం ఆ కమిటీ వాళ్లొచ్చి సూసిపోతే, సోమవారం కూలగొట్టేస్తా. నువ్వూ నీ పెండ్లామూ ఆదివారానికల్లా ఖాళీ సెయ్యండి," అన్నాడు గోవిందరాజులు.

"వాళ్లు బాగుండాదంటే కూల్చకూడదంట కదన్నా?" అన్నాడు కాపలాదారు జయరత్నం.

"బాగుండాదంటారా దీన్ని? సూడప్పా దీని అవతారం!"

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీదున్న ఆ దొరల కాలం బంగళాను టమోటా వ్యాపారి గోవిందరాజులు కల్యాణమండపం కట్టడానికే కొన్నాడు. పాత కట్టడాల కమిటీ వాళ్లు కోర్టుకెక్కి అడ్డం పడ్డారు. చివరిసారిగా వచ్చి చూసి, ఉంచాలో వద్దో తేల్చమని కోర్టు వాళ్లకే చెప్పింది. బంగళా వెనకవైపు వంటగదిలో జయరత్నం, ప్రభావతి ముప్పై ఏళ్లుగా కాపురం ఉంటున్నారు. బంగళా పోతే తల దాచుకోవడానికి వాళ్లకు ఇంకో చోటు లేదు.

గోవిందరాజులు మాటలోనూ అబద్ధం లేదు. ఏ దొర కట్టించాడో గానీ ఒక్కటీ తిన్నగా ఉండదు. ఒక పక్క కప్పు ఎత్తు, ఇంకో పక్క పొట్టి. కిటికీకో తీరు. గేటు నుంచి దారి నేరుగా రాకుండా మూడు మెలికలు తిరుగుతుంది. రాతి గోడల నిండా తీగలు. తోట చివర సగం కూలిన గోడ ఒకటి. పాపం, ఆ దొరకు మంచి మేస్త్రీ దొరికినట్టు లేడు.

"ఇంకా నాలుగు దినాలుండాయి కదన్నా. నేను బాగు సేస్తాను. సున్నం ఇప్పిస్తే సాలు. నీ కాళ్లు పట్టుకుంటా."

గోవిందరాజులు కసరబోయి ఆగాడు. బంగళా వంక ఒకసారి, జయరత్నం వంక ఒకసారి చూశాడు.

"సరే. పాడుబెట్టినానని రేపు వాళ్లు నన్ను యాల అనాల? సున్నమేంది, సిమెంటూ రంగూ కూడా పంపిస్తా. ఇద్దురు కూలోళ్లను పెట్టుకో. యాడా వంకర కనబడకూడదు."

"దేవుడు నిన్ను సల్లగా సూడాలన్నా!"

ఆ నాలుగు రోజులూ జయరత్నం నడుం వాల్చలేదు. ఏటా క్రిస్మస్‌కు తన వంటగదికి చేసేదంతా బంగళాకు చేశాడు. తీగలు వేళ్లతో సహా పెరికేశాడు. రాతి గోడలకు సిమెంటు పూసి రోజా రంగు కొట్టించాడు. గేటు నుంచి గుమ్మం దాకా తాడు పట్టి నేరుగా దారి వేశాడు. దానికి అటూ ఇటూ ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం కొట్టాడు. తోట చివరి మొండిగోడను పడగొట్టించి నేల చదును చేయించాడు.

"పెండ్లిల్లు మాదిరి ఉండాది. దీన్ని కూల్చమని ఎవురంటారు?" అని ప్రభావతి మురిసిపోయింది.

శుక్రవారం పొద్దున కమిటీ తరఫున మాలతి అనే ఆవిడ అంబాసిడర్ కారు దిగి, గేటు దగ్గరే నిలబడిపోయింది. ఫైల్లోంచి పాత ఫోటో ఒకటి తీసింది. ఫోటోనూ బంగళానూ మార్చి మార్చి చూసింది.

"ఆ మెలికల దారి ఏమైంది?"

"నేరుగా సేసినానమ్మా."

"తీగలు?"

"పీకేసినానమ్మా. పాములు సేరతాండాయి."

"తోటలో కూలిన గోడ?"

"సూసేదానికి బాగుండదని తీసేసినానమ్మా," అన్నాడు జయరత్నం, ఛాతీ కొంచెం విరుచుకుని.

మాలతి గేటు పక్కనున్న అరుగు మీద కూలబడింది.

"అది కూలిన గోడ కాదు బాబూ. కూలినట్టు కనబడాలని దొర కట్టించుకున్న గోడ. అప్పట్లో ఇంగ్లండులో వాళ్లకు అదో పిచ్చి. ఇల్లు చూస్తే ఎవరో గీసిన బొమ్మలా ఉండాలి. దారికి మెలికలు, కిటికీకో తీరు, గోడలకు తీగలు, అన్నీ కావాలనే పెట్టుకునేవాళ్లు. ఈ చుట్టుపక్కల అలాంటిది ఇదొక్కటే మిగిలింది. అందుకే మేం ఇంత పోరాడాం."

జయరత్నం చేతులు జోడించి, "మళ్లా వంకరగానే సేస్తానమ్మా. రెండు దినాలు టైమియ్యండి," అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. 'ఇక్కడ కాపాడదగింది ఏదీ మిగల్లేదు' అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కారెక్కి వెళ్లిపోయింది.

జయరత్నానికి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. వెనక ప్రభావతి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఎవరింట్లోదో అన్నట్టు వింటూ నిలబడ్డాడు.

గోవిందరాజులు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. జయరత్నం తల వంచుకున్నాడు.

"నువ్విచ్చిన సున్నమూ సిమెంటూ అంతా దండగ సేస్తినన్నా. క్షమించు."

"దండగ యాలవుతాదప్పా?" గోవిందరాజులు నవ్వాడు. "మూడేండ్లు కోర్టులో నా లాయరు సెయ్యలేకపోయిన పని, నాలుగు దినాల్లో సేసిపెడితివి."