మూడు వందలకు మూడు వందలు

“ఒకటో తేదీ నుంచి నీకు ఈడ పని లేదు నాగేశప్పా,” అన్నాడు మేనేజరు శ్రీనివాసమూర్తి. ముఖం చూసి కూడా అనలేదు. క్యాంటీన్ హాల్లో మీటింగుకు కుర్చీలు వేయిస్తూ అన్నాడు.

హోసూరు ఫౌండ్రీలో పదేళ్లుగా నాగేశప్ప పని ఒకటే. పోత పోసి చల్లారిన లారీ బ్రేకు డ్రమ్మును సుత్తితో తట్టడం. ఖంగుమంటే మంచిది. పగిలిన కుండలా పలికితే లోపల పగులున్నట్టు. తట్టి, రిజిస్టర్లో డ్రమ్ము నంబరు పక్కన టిక్కో, ఇంటూవో పెడతాడు. ఆ టిక్కులతోనే ఉద్దనపల్లిలో అతని ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తుందట. ఎనభై రెండులో ఫ్యాక్టరీకీ యూనివర్సిటీకీ ఒప్పందమైంది. కరిగిన ఇనుము అచ్చులో ఎలా చల్లారుతుందో యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్ లెక్కగట్టి, ఏ డ్రమ్ములో పగులుందో చెప్పేస్తుందన్నారు. ఈ రెండేళ్లలో ప్రొఫెసర్ వాసుదేవ కొలిమి దగ్గరికి వచ్చింది ఒకే ఒక్కసారి. ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వచ్చాడు, టీ తాగాడు, రెండు బుట్టల కృష్ణగిరి మామిడిపళ్లు కారెక్కించుకుని పోయాడు. పోతూ పోతూ నాగేశప్ప రిజిస్టరు కూడా పట్టుకెళ్లాడు. చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమేనట.

మీటింగులో ప్రొఫెసర్ చీరంత పొడుగు కాగితం విప్పి టేబుల్ మీద పరిచాడు. ఆ రిజిస్టర్లోని మూడు వందల డ్రమ్ములకు మూడు వందలూ కంప్యూటర్ సరిగ్గా చెప్పిందన్నాడు. డైరెక్టరుగారు ఆహా అన్నారు. ఆయన ఆహా అంటే మిగతావాళ్లు ఊరుకుంటారా, హాలంతా ఆహా. ఇంకో మూడేళ్లు పొడిగించే కాగితం సంతకానికి సిద్ధంగా ఉంది.

“నా మాట నమ్మక్కర్లేదు, మీ మనిషినే చూడమనండి,” అన్నాడు ప్రొఫెసర్, గోడ పక్కన నిలబడ్డ నాగేశప్పను చూపిస్తూ. తన కూడు తీసేసిన కాగితాన్ని తానే సరిచూడాలి. నాగేశప్పకు ఒళ్లు మండిపోయింది. అయినా వెళ్లి, ప్రొఫెసర్ తిరిగి తెచ్చిన తన రిజిస్టరు పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో నంబరూ చూసుకుంటూ పోయాడు. టిక్కుకు టిక్కు, ఇంటూకు ఇంటూ. రెండు వందల ఎనభై దాటాక వేలు ఆగిపోయింది.

చెబితే తన దొంగరాత కూడా బయటపడుతుంది. అయినా వేలు ఆ నంబరు మీదే ఉంచి తలెత్తాడు.

“సార్, ఈ కడపటి ఇరవై డ్రమ్ములు నేను తట్టనే లేదు,” అన్నాడు. “ఆ పొద్దు దినమంతా కరెంటు లేదు. పోత పొయ్యనే లేదు. లెక్క తగ్గకూడదని మేనేజరు సార్ చెప్తే, ఇరవై అయినాయని రాసినాను. వాటిల్లో నాలుగు డ్రమ్ములకు నా ఇష్టానికి ఇంటూ పెట్టినాను. లేని డ్రమ్ములో పగులు మీ కంప్యూటర్‌కు యాడ కనపడింది సార్?”

డైరెక్టరు శ్రీనివాసమూర్తి వైపు చూశాడు. శ్రీనివాసమూర్తి తల వంచుకున్నాడు. నిజమేనని తేలిపోయింది. డైరెక్టరు సంతకం పెట్టబోయిన పెన్ను మూసి, ఏమిటిదని ప్రొఫెసర్‌ను అడిగాడు.

ప్రొఫెసర్ తీరిగ్గా కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ముఖంలో చిన్న మార్పయినా లేదు.

“అదే సార్ మన పరిశోధన గొప్పతనం,” అన్నాడు. “డ్రమ్ము పొయ్యకముందే పగులు చెప్పేసింది.”

డైరెక్టరు పెన్ను మళ్లీ తెరిచాడు.