గురువారం ములాఖాత్

“తిన్నవా?”

ములాఖాత్ గదిల ఇనుప జాలీ అవతల నిలబడ్డ మహిపాల్ తల దించుకున్నడు. “తిన్న.”

“అబద్ధం! మొహం ఎట్ల పీక్కపోయిందో సూడు. ఉండు.”

జానకమ్మ సంచిలకెళ్లి సర్వపిండి తీసింది. జైల్ల తెచ్చినోళ్లే ముందు తిని చూపియ్యాలె. ఒక ముక్క తుంచి నోట్ల వేసుకొని, మిగిలింది వార్డరు సృజన చేతిల పెట్టింది.

“వానికియ్యి బిడ్డా. నా కొడుక్కు ఇదంటే పానం.”

సృజనకు ఆ జైల్ల అది మొదటి రోజు. “కోరుట్ల నుంచి జానకమ్మ అని పెద్దమ్మ వస్తది. ప్రతి గురువారం వస్తది. రాతకోతలు తర్వాత, ముందు లోపలికి పంపు,” అని జైలరు పొద్దుగాల్నే చెప్పిండు. ఆయన తొందర ఆయనది. ఎనిమిది నెలల కింద బస్టాండుల బాంబు పెట్టి మనుషుల పానాలు తీసింది ఈ సిరిసిల్ల పోరడే. ఇంకో బాంబు బయట ఇద్దరు పోరగాళ్ల దగ్గరుందని తేలింది గని, వాళ్లెవరో ఈడు చెప్పడు. పోలీసోళ్లు బెదిరించిండ్రు, బతిమిలాడిండ్రు. ఉలుకు లేదు, పలుకు లేదు. ఎల్లుండే జాతర, వేల మంది జనం.

“ఒక్కటి చెప్పురా,” అన్నది జానకమ్మ. “గంత పాపానికి చెయ్యెట్లొచ్చింది?”

మహిపాల్ జాలీని గోటితోని గీకిండు.

“నాయిన బట్ట నేసే సాంచెలు బందైనయి. ఇంట్ల మాటలు గూడ బందైనయి. నేనున్ననా సచ్చిన్నా అడిగినోళ్లు లేరు. ఫోన్ల ఒకడు ‘తమ్మీ, తిన్నవా?’ అన్నడు. రోజూ అడిగేటోడు. వాడేం చెప్పినా చెయ్యాలనిపించింది.”

సృజన మహిపాల్ దిక్కు సూసింది. ఒక్క పలకరింపుకు మనిషి గింతగనం అమ్ముడువోతడా!

“ఇప్పుడు నేనడుగుతున్న గద,” అన్నది జానకమ్మ.

“గందుకే నీ మొహం సూడలేకపోతున్న అమ్మా.”

“సూడకు. గని ఆ ఇద్దరిని గూడ ఎవడో అట్లనే అడుగుతుండొచ్చు. జాతరల ఎవ్వలు సచ్చినా ఏడ్చేది తల్లే. ఆ పోరగాళ్ల తల్లులు గూడ ఏడుస్తరు. నా బాధ ఇంకొకామెకు వద్దురా.”

మహిపాల్ జాలీకి నుదురు ఆనిచ్చి వెక్కివెక్కి ఏడ్చిండు. ఏడ్చుకుంటనే రెండు పేర్లు చెప్పిండు. గొల్లపల్లి తొవ్వల రేకుల షెడ్డు చెప్పిండు.

సృజన జైలరు దగ్గరికి ఉరికింది. గంట తిరగకముందే ఫోనొచ్చింది. బాంబు దొరికింది. పోరగాళ్లిద్దరు పానాలతోనే దొరికిండ్రు.

సృజన జానకమ్మ దగ్గరికి మళ్లొచ్చింది. అబ్బ, ఏం మనిషి! ఎనిమిది నెలల నుంచి ఏ లాఠీకి లొంగనోడు సర్వపిండి ముక్కకు లొంగిండు. వేల మంది పానాలు ఈ ముసలామె కాపాడింది. కన్నతల్లంటే ఇట్లుండాలె. ఉద్యోగం, యూనిఫారం అన్నీ మర్చిపోయి వంగి ఆమె కాళ్లు మొక్కింది.

“గిదేంది బిడ్డా, లే!” జానకమ్మ లేవనెత్తింది. “బస్సు టైమైంది, పోతున్న.”

“ఒక్క నిమిషం పెద్దమ్మా, రిజిస్టర్ల రాయాలె.” సృజన కండ్లు తుడుచుకొని పెన్ను తీసింది. “మహిపాల్‌కు ఏమైతవంటే... తల్లి అని రాస్తున్న.”

జానకమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

“ఈడు నా కొడుకు గాదు బిడ్డా, నా కొడుకును సంపినోడు.”