నాణెం పట్టుకుంటే

"సంచి జర దగ్గర పట్టుకో బిడ్డా. గా నాణేలమ్మే ముసలాయన నిన్ను మాటల్ల పెట్టి ముంచుతడు," అంది రామవ్వ.

లండన్‌లో పాత నాణేలు పెట్టి అమ్మే ప్రదర్శన అది. మెట్‌పల్లి నుంచి కూతురు వినోదను చూడటానికి వచ్చిన ఆమెకు ఆ పెద్ద హాల్లో ప్రతి మనిషీ మోసగాడిలాగే కనిపిస్తున్నాడు. వినోద మాత్రం ఒక్కో బల్ల దగ్గర ఆగి, నాణెం చేతికి తీసుకుని, దాని సంగతంతా అడిగి, తిరిగి పెట్టేస్తోంది.

"పొద్దటిసంది ఒక్కటన్న కొనకపోతివి. నెలనెల గీడికి ఎందుకొస్తున్నవ్? వీళ్లేమన్న మందు పెట్టిన్రా?"

"కొనేటందుకు కాదవ్వా."

"మరి?"

వినోద చేతిలోని నాణేన్ని తిప్పింది.

"రూంల ఎవ్వలు లేరు. డ్యూటీల పని మాటలే. గీడ నాణెం పట్టుకుంటే చాలు, ఎవరన్న కూసోబెట్టుకొని మాట్లాడతరు."

కూతురికి జ్వరమొస్తుందనీ, దొంగలు పడతారనీ ఇన్నాళ్లూ రామవ్వ ఎన్నింటికో భయపడింది. ఈ ఒక్కటీ తట్టలేదు.

బల్ల మీద నిజాం కాలపు చార్మినార్ బొమ్మ నాణెం కనబడింది. చిన్ననాడు తన తల్లి మెడలో, పూసల మధ్య చూసినదే. రామవ్వ దాన్ని తీసి ముసలాయన ముందు పెట్టింది.

"గిది ఏ దేశందో అడుగు బిడ్డా. తొందర లేదు, మొత్తం చెప్పమను."