సుల్తాన్ బజార్ సంచి

“డ్రైనేజీ మూత తియ్యగానే నీ నూనె మడ్డి బయటపడుతుంది, చూస్తూ ఉండు బాలమల్లూ. పడిందా, సాయంత్రానికి షట్టరు ఖాళీ చేసెయ్యాలి. ఇంక మాటల్లేవు.”

ఇంటి ఓనరు జగన్మోహనరావు మెట్ల మీద నిలబడి అంత మాట అనేశాడు. బాలమల్లు చేతిలో అట్లకాడ చేతిలోనే ఉంది, పెనం మీద దోసె మాడిపోయింది. గన్‌ఫౌండ్రీ సందులో ఆ మేడ కింది షట్టరు గదిలో టిఫిన్ హోటల్ అతనిది. పైన ఓనరు, కింద అతను, మధ్యలో మూడు రోజులుగా పొంగుతున్న డ్రైనేజీ. సందంతా ముక్కు మూసుకుని నడుస్తోంది. మున్సిపాలిటీ వాళ్ళు గోడకి నోటీసు అంటించి పోయారు. ఇవాళ పదకొండింటికి వచ్చి, ఎవరి వల్ల జామైందో తేల్చి జరిమానా రాస్తారట.

జరిమానా సంగతి అలా ఉంచండి. ఈ షట్టరు పోతే అబిడ్స్‌లో ఇంకోటి దొరుకుతుందా? నాంపల్లి స్టేషన్ దాకా కాళ్ళరిగేలా తిరిగినా అతని కిరాయికి పొయ్యి పెట్టుకునేంత జాగా లేదు.

లోపలికి పోయి భార్య పూలమ్మని మెల్లగా అడిగాడు, ఎన్నడన్నా నూనె గానీ పిండి గానీ మోరీలో పోసిందా అని.

“ఒక్కపారి పోసిన,” అంది పూలమ్మ తల దించుకుని. “పులిసిన పిండి. గా పెద్ద వాన పడ్డనాడు.”

“ఒక్కపారేనా?”

పూలమ్మ గిన్నెలు తోముతూ అటు తిరిగింది. బాలమల్లు ఇంక అడగలేదు, అడగడానికి ధైర్యం చాలలేదు.

పైవాళ్ళ మీద అనుమానమంటారా? ఆ మాట ఎవరి నోటా రాలేదు. ఓనరు భార్య శేషారత్నం తెల్లారకుండా స్నానం, పూజ చేసే మనిషి. ఒకసారి పూలమ్మ పాత క్యాలెండర్ చింపి వడలు పొట్లం కట్టి ఇస్తుంటే చూసి, పైనుంచి దిగొచ్చి మరీ కోప్పడింది. దేవుడి బొమ్మ ఉన్న కాగితం తొక్కకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, పారే నీళ్ళలో కలపాలి అని పాఠం చెప్పింది. అంత మడిగా ఉండే ఇంట్లోంచి మురికి ఎందుకొస్తుంది? వస్తే గిస్తే హోటల్లోంచే రావాలని సందంతా తీర్మానం చేసేసింది.

పదకొండు దాటాక శానిటరీ ఇన్‌స్పెక్టర్ వైశాలి వచ్చింది. వెనకే నీళ్ళ ప్రెషర్‌తో కాలవలు కడిగే జెట్టింగ్ లారీ, దాంతోపాటు మోరీలు తీసే ఎల్లేష్. జగన్మోహనరావు ఎదురెళ్ళి, తమ నాన్నగారు కోస్తా నుంచి వచ్చి కట్టిన ఇల్లని, ఒక్కనాడూ తమ వల్ల కాలవ నిండలేదని, అంతా కింద హోటలువాడి నిర్వాకమని చెప్పుకున్నాడు.

“రూల్ ప్రకారమైతే ఓనర్ మీదనే రాస్తం సార్,” అంది వైశాలి. “కిందాయన చేసిండని రుజువు దొరికితే ఆయన మీద రాస్తం. లోపల్నుంచి ఏమొస్తదో చూద్దాం.”

పేరున్న కాగితం ముక్క ఒక్కటి దొరికినా చాలంది. బాగా వెతికించమని జగన్మోహనరావు మరీ మరీ చెప్పాడు.

ఎల్లేష్ మూత జరిపి, కొక్కెం ఉన్న పొడుగాటి కడ్డీ లోపలికి దించాడు. ముందు నల్లటి బురద వచ్చింది. తర్వాత కొబ్బరి పీచు, ఉండలు ఉండలుగా. రోజూ చట్నీకి కొబ్బరికాయలు కొట్టేది ఎవరని జగన్మోహనరావు అడిగాడు. వైశాలి పుస్తకంలో ఏదో రాసుకుంది.

మళ్ళీ కడ్డీ దిగింది. ఈసారి కొక్కేనికి ఒక ప్లాస్టిక్ సంచి తగులుకుని వచ్చింది. సుల్తాన్ బజార్ చీరల కొట్టు సంచి, మూతి గట్టిగా ముడేసి ఉంది. దాన్ని చూడగానే పూలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు నెలల కింద కూతురు నవత పెళ్ళి బట్టలు కొన్నది ఆ కొట్లోనే. అలాంటి సంచులు ఇంట్లో బోలెడు.

ఎల్లేష్ ముడి కోశాడు. కుళ్ళిన బంతిపూల దండలు పడ్డాయి. హోటల్లో గల్లాపెట్టె మీది పటానికి రోజూ వేసేవీ బంతిపూల దండలే. వాటి మధ్య ప్లాస్టిక్ కవర్లో ఒక శుభలేఖ, ముందు గణపతి బొమ్మ, నాలుగు మూలలా పసుపు. వైశాలి దాన్ని తుడిచి, విప్పి చదివింది.

“పెండ్లికూతురు నవత. తల్లిదండ్రులు పూలమ్మ, బాలమల్లు. బాలమల్లంటే మీరేనా?”

“ఔ మేడం. నా బిడ్డ పెండ్లి కార్డే,” అన్నాడు బాలమల్లు. కన్నబిడ్డ పెళ్ళి కార్డు ఎవడన్నా మోరీలో వేస్తాడా అని అరవాలనిపించింది. షట్టరు పోయినట్టే అనుకున్నాడు. పూలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“ఇంతకన్నా రుజువేం కావాలమ్మా? రాయండి,” అన్నాడు జగన్మోహనరావు. ఆయన మొహం అప్పుడు తేటపడింది.

వైశాలి బాలమల్లు తండ్రి పేరు అడిగి రాసుకుంది. కింద సంతకం పెట్టబోతూ, రుజువుకి ఫోటో ఉండాలని కార్డుని మూత పక్కన పెట్టించింది. ముందువైపు తీసింది. తర్వాత తిప్పి వెనకవైపు పెట్టమంది.

ఫోటోకి ఫోన్ ఎత్తిన వైశాలి అలాగే ఆగిపోయింది. రాసిన కాగితం పుస్తకంలోంచి చింపేసి, జగన్మోహనరావు వైపు తిరిగి, కార్డు వెనక నవత నీలం పెన్నుతో రాసింది పైకి చదివింది.

“శ్రీ జగన్మోహనరావు, శ్రీమతి శేషారత్నం గార్లకు. మీరు తప్పకుండా రావాలి.”